పాస్టర్ గారికి నా గొడవ ఎవరు చెప్పారు?

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒక పాప రాసిన ఉత్తరం నా ముందుంది. శనివారం సాయంత్రం తమ్ముడు తన రంగు పెన్సిళ్ళన్నీ విరగ్గొట్టాడట. ఇక జన్మలో నీతో మాట్లాడనని వాడికి చెప్పేసిందట. మర్నాడు చర్చికి వెళ్తే ఆ రోజు ఆరాధన అంశం క్షమాపణ! నా సహోదరుడు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు యేసును అడుగుతాడు కదా, ఆ భాగమే చదివారు. ఏడుసార్లంటే చాలా ఎక్కువనుకున్నాడు పేతురు. యేసు చెప్పిన లెక్కకైతే ఎవరి వేళ్ళూ చాలవు.

"తాతయ్యా, మా అమ్మ పాస్టర్ గారికి ఫోన్ చేసి చెప్పేసింది కదూ? అడిగితే లేదంటోంది" అని ఆ పాప అడిగింది.

అమ్మ చెప్పింది నిజమేనమ్మా. పాస్టర్ గారికి నీ పెన్సిళ్ళ సంగతి తెలియదు. ఆ వాక్యభాగం మత్తయి సువార్త 18వ అధ్యాయంలోది. మూడేళ్ళకోసారి, సెప్టెంబరు 11, 17 తేదీల మధ్య వచ్చే ఆదివారం దాన్ని చదవాలని నువ్వు పుట్టకముందే రాసిపెట్టారు. ఏ ఆదివారం బైబిల్లో ఏ భాగం చదవాలో చెప్పే ఆ పట్టికను లెక్షనరీ అంటారు. మూడేళ్ళకు సరిపోయే పట్టికను రోమన్ కాథలిక్ సంఘం 1969లో తయారు చేసింది. తర్వాత మిగతా సంఘాలవాళ్ళు కూడా కలిసి కూర్చుని, దాన్ని ఆధారం చేసుకుని తమ కోసం ఒక ఉమ్మడి పట్టిక తయారు చేసుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఆ పట్టిక 1992లో వచ్చింది. అన్ని చర్చిలూ దీన్నే పాటించవు. కొన్నిచోట్ల పాస్టర్ గారే ప్రార్థన చేసుకుని వాక్యం ఎంచుకుంటారు. అదీ మంచి పద్ధతే. కానీ ఈ పట్టిక అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎందుకో చెబుతాను.

ఒక పెద్ద పాత ఇల్లు ఊహించుకోండి. అదే మన బైబిలు. అందులో 66 గదులు, అంటే 66 పుస్తకాలు. (కాథలిక్కుల లెక్కలో 73.) మన మానాన మనల్ని వదిలేస్తే ఏం చేస్తాం? మనకిష్టమైన రెండు మూడు గదుల్లోనే తిరుగుతాం. దావీదు గొల్యాతును కొట్టిన గది, యేసు పశువుల తొట్టిలో పడుకున్న గది, "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన గది. అక్కడ వెలుతురు బాగుంటుంది, అన్నీ తెలిసిన వస్తువులే. మిగతా గదులకు తాళాలు, లోపలంతా దుమ్ము. పెద్దవాళ్ళూ అంతే, మీరేం తక్కువ కాదు. అందుకే ఈ పట్టిక లాంటి ఇంటి పెద్ద ఒకరు తాళాల గుత్తి తీసుకుని వారం వారం మనల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. ఆదివారానికి నాలుగు తలుపులు తీస్తారు: పాత నిబంధనలో ఒకటి, కీర్తనల్లో ఒకటి, అపొస్తలుల పత్రికల్లో (అంటే వాళ్ళు రాసిన ఉత్తరాల్లో) ఒకటి, చివరగా సువార్త. సువార్త గది తలుపు తీసేటప్పుడు చాలా చర్చిల్లో అందరూ లేచి నిలబడతారు, చూశారా?

ఈ ఇంట్లో చీకటి గదులు కూడా ఉన్నాయి. యోబు బూడిదలో కూర్చున్న గది, యెరూషలేము పాడైపోతే ఏడ్చిన విలాపవాక్యాల గది. వాటిలోకి వెళ్ళాలని ఎవరికుంటుంది?

మా నాయనమ్మకు చదువు రాదు. శనివారం రాత్రి పనులన్నీ అయ్యాక నన్ను పిలిచి, రేపటి పాఠాలు చదివించుకునేది. నాకేమో ఆటల మీద ధ్యాస. గబగబా చదివేస్తే "ఆగు, మళ్ళీ చదువు" అనేది. కథలైతే కళ్ళు మూసుకుని వినేది. మర్నాడు చర్చిలో అవే మాటలు చదువుతుంటే ఆమె పెదవులు కదిలేవి. నేను చదివినవే కదా అని నాకు లోపల గర్వంగా ఉండేది. ఒకసారి విలాపవాక్యాల్లోంచి ఒక భాగం వచ్చింది. మర్నాడే నా పుట్టినరోజు. "ఇంత ఏడుపు పాఠం రేపే రావాలా?" అని విసుక్కున్నాను. నాయనమ్మ నా తల మీద చెయ్యి వేసి అంది: "మన పక్క బెంచీలో కూర్చునేవాళ్ళు రేపు ఏ మనసుతో వస్తారో మనకు తెలుసా నాన్నా? ఆ మాట వాళ్ళకోసం వచ్చిందేమో. చదువు." చదివాను. ఆ మర్నాడు మొదటిసారి, పాఠం చదువుతుండగా పక్క బెంచీల్లోవాళ్ళ ముఖాలు చూశాను.

మీరు సంతోషంగా ఉన్నరోజు చీకటి గది తలుపు తెరిస్తే విసుక్కోకండి. ఆ గదిలో అప్పటికే ఎవరో ఒక్కరే కూర్చుని ఉంటారు. అందరం కలిసి వెళ్తే వాళ్ళకు తోడు దొరుకుతుంది. ప్రసంగం వింటూ "ఇది ఫలానావాడికి బాగా తగలాలి" అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. ఆ అలవాటు పెద్దయ్యాక వదలదు.

వారం వారం దేవుని మాట అందరి ముందూ చదవడం నిన్నమొన్న మొదలైంది కాదు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులకు యాజకుడైన ఎజ్రా నీటి గుమ్మం ముందు కర్రతో చేసిన వేదిక ఎక్కి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. వింటూ జనం ఏడ్చారని నెహెమ్యా గ్రంథంలో ఉంది. యేసు కూడా నజరేతు సమాజమందిరంలో విశ్రాంతిదినాన నిలబడి యెషయా గ్రంథం చదివాడు. దాదాపు 155వ సంవత్సరంలో జస్టిన్ అనే విశ్వాసి తమ ఆదివారపు కూడిక గురించి రాస్తూ, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతామన్నాడు. సమయం ఉన్నంతసేపు! ఆ మాట నాకెంతో ఇష్టం.

మీకు లెక్కలు ఇష్టమైతే ఇది చేసి చూడండి. సంవత్సరాన్ని 3తో భాగించండి. 1 మిగిలితే అది మత్తయి సంవత్సరం (అంటే ఆ ఏడాది ఆదివారాల్లో ఎక్కువగా మత్తయి సువార్త చదువుతారు), 2 మిగిలితే మార్కు సంవత్సరం, ఏమీ మిగలకపోతే లూకా సంవత్సరం. 2026ను భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి మత్తయి. అయితే చర్చి సంవత్సరం జనవరిలో మొదలవదు. క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం, ఆగమన కాలంతో మొదలవుతుంది. ఆ రోజు నుంచి రాబోయే సంవత్సరం అంకె తీసుకోవాలి. మరి యోహాను? ఆయనకు విడిగా సంవత్సరం లేదు కానీ ఈస్టర్ రోజుల్లో ఎక్కువగా ఆయనే వినిపిస్తాడు. మార్కు సువార్త చిన్నది కదా, అందుకని ఆ సంవత్సరం మధ్యలో వరసగా ఐదు వారాలు యోహాను 6వ అధ్యాయం చదువుతారు.

పెన్సిళ్ళ పాపా, ఇప్పుడు మళ్ళీ నీ ఆదివారానికి వద్దాం. ఆ రోజు తెరిచిన గదులకు మధ్యలో కూడా తలుపులుంటాయి. పాత నిబంధనలో చాలా చర్చిల్లో చదివేది ఆదికాండము 50వ అధ్యాయం. తండ్రి చనిపోయాక యోసేపు తమ మీద పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు వణికిపోతారు. యోసేపు ఏడుస్తాడు, భయపడవద్దంటాడు. కీర్తన 103వది. పడమటికి తూర్పు ఎంత దూరమో, దేవుడు మన తప్పుల్ని మనకు అంత దూరం చేశాడంటుంది. ఈ రెంటినీ సువార్తకు సరిపోయేలా కావాలనే ఎంచారు. ఆ వారం అంశం క్షమాపణ అయ్యింది అందుకే.

పత్రిక సంగతి మాత్రం వేరు. ఆ రోజుల్లో రోమా పత్రికను నెలల తరబడి వరసగా చదువుకుంటూ వస్తారు, సువార్తకు జతగా ఎంచరు. తన దారిన తాను నడుస్తూ అది సరిగ్గా ఆ ఆదివారానికి 14వ అధ్యాయానికి చేరుతుంది. అక్కడ పౌలు ఏమడుగుతున్నాడో తెలుసా? నీవు నీ సహోదరునికి తీర్పు తీర్చడమెందుకు అని! ఇన్నేళ్ళుగా వింటున్నా, ఆ చోటికి వచ్చేసరికి నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పట్టిక వేసినవాళ్ళకు నువ్వు తెలియదు, నీ తమ్ముడు తెలియదు. అయినా ఆ మాట ఆ ఆదివారం నీ దగ్గరికొచ్చింది. నువ్వే కాదు, వేరే వేరే భాషల్లో ఎందరో పిల్లలు అదే రోజు అదే మాట విన్నారు. వాళ్ళు ఎవరెవరితో గొడవపడి వచ్చారో దేవుడికే తెలుసు.

మూడేళ్ళు తిరిగినా ఈ ఇంట్లో తెరవని మూలలు చాలానే ఉంటాయి. అవి మీ వంతు, ఇంట్లో చదువుకోండి. చర్చిలో పాఠం చదివే వంతు వస్తే టెన్షన్ పడకండి. శనివారమే పైకి రెండుసార్లు చదువుకుంటే నాలుక తిరగని పేర్లు కూడా దారికొస్తాయి.

ఇప్పుడు మీకో పని. మార్కు సంవత్సరంలో ఒక ఆదివారం జతగా చదివే రెండు భాగాలున్నాయి: 2 రాజులు 4వ అధ్యాయం 42 నుంచి 44 వచనాలు, యోహాను 6వ అధ్యాయం 1 నుంచి 21 వచనాలు. మొదటిది మూడే వచనాలు. రెండూ ఒకేసారి కూర్చుని చదవండి. రొట్టెలు ఎన్నో, అవి వేటితో చేసినవో, తినేవాళ్ళు ఎందరో రాసుకోండి. రెండుచోట్లా ఒకరు "ఇది ఎలా సరిపోతుంది?" అన్నట్టు అడుగుతారు. ఎవరెవరో కనిపెట్టి నాకు రాయండి. తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకో పాపా, రొట్టెల లెక్క వాడు చూస్తాడు.

మీ తాతయ్య