గోదారి ఇరుకైన చోట

పాపికొండలకు వెళ్లొచ్చినవాళ్లని ఎవర్ని కదిపినా ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు, "అబ్బ, గోదారి అక్కడ ఎంత సన్నగా ఉందో" అంటారు. నిజమే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకునే నది, ఆ కొండల మధ్య కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు మించదు. మరి మిగతా నీళ్లేమయ్యాయి? ఎటూ పోలేదు, అడుగుకి పోయాయి. ఫోటోలో వెడల్పు పడుతుంది గానీ లోతు పడదు కదా. పాపికొండల్లో గోదారిని గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ కనపడని లోతులోనే ఉందని నా అభిప్రాయం. భద్రాచలం వరదలూ, ఉపనది శబరి వెనక్కి తన్నడమూ, పడవ ప్రమాదాలూ, పోలవరం దగ్గర ఇంజనీర్లు పడుతున్న తంటాలూ, అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ముందు ఈ నీళ్లు ఎక్కడివో చూద్దాం. గోదావరి నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టిందని చిన్నప్పుడు అందరం బట్టీ పట్టినవాళ్లమే, పొడవు 1465 కిలోమీటర్లని కూడా. కానీ పాపికొండల్లో వరదగా పారే నీళ్లలో నాసిక్ వాటా చాలా తక్కువ. పడమటి కనుమలు దాటాక మరాఠ్వాడా అంతా వర్షచ్ఛాయలో ఉన్న నేల, అక్కడ పడేదే అంతంతమాత్రం, ఆ పడినదాన్ని కూడా జాయక్వాడీ దగ్గర ఒకసారి, శ్రీరాంసాగర్ దగ్గర ఇంకోసారి పట్టేస్తారు. నదికి మళ్లీ ప్రాణం పోసేది ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా నీళ్లన్నీ మోసుకొచ్చి కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, మొత్తం గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు దీని ఒక్కదానిదే. ఆ తర్వాత బస్తర్ అడవుల్లోంచి ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యానికి కదిలిందంటే దాని దారంతా ఈ ఉపనదుల నెత్తిమీదుగానే ఉంటుంది. అందుకే రాజమండ్రిలో చుక్క వాన లేకుండా ఎండ కాస్తున్న రోజున కూడా ఎర్రనీరు దిగి, మర్నాటికి పుష్కరాల రేవు మెట్లు మునిగిపోతుంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. నది ఎప్పుడూ పల్లం చూసుకుని పోతుందంటాం కదా, మరి ఇంత పెద్ద నది వెళ్లి వెళ్లి తూర్పు కనుమల్లోకి ఎందుకు దూరింది?

మంచిర్యాల నుంచి భద్రాచలం దాకా గోదావరి చాలావరకు ఒక పురాతనమైన పగులు వెంబడే వస్తుంది. కోట్ల ఏళ్ల కిందట భూమి పొర సాగి, మధ్యలో ఒక పొడవాటి పట్టీ కిందకి కుంగింది. అందులో పేరుకున్న ఇసుకా, బురదా, కుళ్లిన అడవులే ఈనాటి సింగరేణి బొగ్గు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఎముకలు దొరికింది కూడా ఈ పట్టీలోనే. ఇంతవరకూ బాగానే ఉంది, మెత్తటి రాయి, సులువైన దారి. కానీ భద్రాచలం దగ్గరికొచ్చేసరికి ఆ కుంగిన పట్టీ కొత్తగూడెం, సత్తుపల్లి, చింతలపూడి మీదుగా ఏలూరు వైపు సాగిపోతే, నది మాత్రం దాన్ని వదిలేసి తూర్పుకి తిరిగి, గట్టి రాతి కొండల్లోకి వెళ్లిపోయింది. మ్యాపు తెరిచి చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది, ఇదేంటి, అటు నేరుగా పోవచ్చుగా అని.

దీనికి భూగర్భ శాస్త్రంలో రెండు రకాల సమాధానాలుంటాయి. ఒకటి, నదే ముందు, కొండలు తర్వాత. నది తన మానాన తాను పారుతుంటే కింద నేల మెల్లగా, లక్షల ఏళ్ల మీద, పైకి లేచింది. లేచిన కొద్దీ నది కోసుకుంటూ పోయింది, దారి మాత్రం మార్చుకోలేదు. రెండోది, ఒకప్పుడు ఈ కొండల్ని కప్పేస్తూ మెత్తటి రాతి పొరలుండేవి, నది వాటి మీద తనకు నచ్చిన దారి వేసుకుంది, ఆ పొరలు కొట్టుకుపోయి అడుగున గట్టి రాయి బయటపడేనాటికి నది గాడిలో ఇరుక్కుపోయింది, ఇక పక్కకి జరగడానికి వీల్లేదు. రెండూ కొంత కొంత కలిసే జరిగి ఉండొచ్చు కూడా. ఏదైనా ఒకటి ఖాయం: రాయి వయసు వేరు, లోయ వయసు వేరు. ఈ కొండల రాయి వంద కోట్ల ఏళ్ల నాటిది, దాన్ని కోసిన లోయ దాని ముందు నిన్న మొన్నటిది.

ఆ రాయి గురించి కాస్త ఆగి చెప్పాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నొకైట్ అనే రెండు రకాలు. ఖోండలైట్ ఒకప్పుడు మామూలు బురద. అది భూమిలోకి ఇరవై కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ ఉడికి రాయయింది. అలా ఉడికినప్పుడు అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం గింజలు పుడతాయి. దీన్ని కంటితో చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. గోదారి ఇసుక తిన్నె మీద నీటి అంచున గుప్పెడు ఇసుక తీసుకుని, అరచేతిలో పరిచి ఎండలో చూడండి. తెల్లగా, గాజులా ఉన్నవి క్వార్ట్జ్. వాటి మధ్య అక్కడక్కడా నల్లటి రవ్వలు కనిపిస్తాయి, చాలావరకు ఇల్మనైట్ అనే ఖనిజం. ఇంకొంచెం ఓపికపడితే దానిమ్మ గింజ రంగులో మెరిసే చిన్న చిన్న గింజలు దొరుకుతాయి, అవే గార్నెట్‌లు. అల వచ్చి పోయిన చోట ఈ బరువైన రవ్వలు వెనకబడి సన్నటి ముదురు చారలు కడతాయి కాబట్టి వెతకాల్సింది ఆ చారల్లోనే. కోట్ల ఏళ్ల కిందట భూమి కడుపులో పుట్టిన గింజ, మన అరచేతిలో. నగలకు పనికిరాదు లెండి, ఆశ పెట్టుకోవద్దు.

రాయి ఇంత గట్టిది కాబట్టే నది పక్కలకు కోయలేకపోయింది. కిందకి కోసింది. ఎంత కిందకి అన్నది పోలవరం కట్టేటప్పుడు బాగా తెలిసొచ్చింది. అక్కడ డ్యామ్ కింద నుంచి నీరు ఊరిపోకుండా ఇసుకలోంచి గట్టి రాయి తగిలేదాకా కాంక్రీటు గోడ దించాలి, దాన్నే డయాఫ్రం వాల్ అంటారు, పేపర్లో తరచూ చదివిన మాటే. కొన్నిచోట్ల ఆ రాయి దొరకడానికి దాదాపు వంద మీటర్ల ఇసుక దాటాల్సి వచ్చింది. పోలవరం దగ్గర నది అడుగే సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు, అంటే అసలు రాతి లోయ అడుగు సముద్ర మట్టానికి చాలా కింద ఉందన్నమాట. నది సముద్రం కంటే కిందకి ఎలా కోస్తుంది? అప్పట్లో సముద్రమే అక్కడ లేదు. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు బోలెడు నీళ్లు నేల మీద మంచుగా గడ్డకట్టి, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందకి పోయింది. తీరం దూరంగా, లోతుగా జరిగేసరికి గోదారి వాలు పెరిగింది, కోత పెరిగింది. తర్వాత మంచు కరిగి సముద్రం పైకి రాగానే ఆ లోతైన లోయ ఇసుకతో పూడుతూ వచ్చింది. కోనసీమ అంటున్నామే, ఆ డెల్టా చాలావరకు ఆ పూడిక పని కొనసాగింపే, గడిచిన కొన్ని వేల ఏళ్లలో తయారైంది.

అయితే ఇరుకు లోయలో మాత్రం ఇసుక స్థిరంగా కూర్చోదు. ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. 2022 జులై వరదలో భద్రాచలం దగ్గర 24 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది, అంటే సెకనుకి దాదాపు 69 వేల ఘనపు మీటర్లు. వెడల్పు కిలోమీటరు ఉన్నచోట, నీటి వేగం సెకనుకి 4 మీటర్లు అనుకుంటే, ఆ నీరంతా పోవడానికి 17 మీటర్ల లోతు చాలు. అదే వేగంతో 300 మీటర్ల సందులోంచి పోవాలంటే 57 మీటర్ల లోతు కావాలి, అంటే దగ్గర దగ్గర 190 అడుగులు. అంత లోతు లేకపోతే వేగమైనా పెరగాలి, వెనక నీటిమట్టమైనా పెరగాలి. నిజంగా జరిగేది మూడూ కలిపి: నది అడుగున ఇసుకని తవ్వేస్తుంది, వేగం పెంచుకుంటుంది, ఎగువన ఉబ్బుతుంది. ఇది మోటు లెక్కే, నిజం నదికి వంకరలుంటాయి, రాళ్లుంటాయి, కానీ విషయం మారదు.

ఎగువన ఉబ్బడం అంటే ఏమిటో భద్రాచలం, కూనవరం, చింతూరు వాళ్లని అడగాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి మూడోది, మధ్యలో తేడా 10 అడుగులు. ధవళేశ్వరంలో మొదటిది 11.75 అడుగులకు, మూడోది 17.75కి, తేడా 6 అడుగులే. కింద నది ఒళ్లు విరుచుకుని పరుచుకుంటుంది, పైన గరాటులో పోసిన నీళ్లలా ఆగి ఆగి దిగాలి. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చూశారు, 2022లో 71.3. మధ్యలో చిక్కుకునేది శబరి. గోదారి ఉబ్బి ఉన్నప్పుడు శబరి నీటికి కలవడానికి చోటు దొరకదు, గోదారి నీరే దాంట్లోకి ఎగదన్నుతుంది. చింతూరు వైపు పైన వాన తెరిపిచ్చినా ఊళ్లోకి నీళ్లు వస్తున్నాయంటే ఈ ఎగపోటే కారణం. అక్కడి మనుషులకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, గోదారి ఎంత ఉందో కనుక్కుని శబరి ఒడ్డున సామాన్లు సర్దుకుంటారు.

వరద తీశాక అదే లోయ ఇంకో రకంగా ఉంటుంది. నవంబరు వచ్చేసరికి నీరు తేరుకుని పచ్చబడుతుంది. పొద్దున్నే పొగమంచు కమ్మి పది గంటలైనా ఎదురు ఒడ్డు కనపడదు ఒక్కోరోజు. రాత్రి కొండ వాలు త్వరగా చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలి చల్లబడి బరువెక్కి లోయలోకి జారుతుంది. నది నీళ్లు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. ఆ వెచ్చటి నీటి ఆవిరి ఈ చల్లటి గాలిలో కలిసి పొగమంచవుతుంది, పక్కన కొండలు అడ్డు కాబట్టి గాలి వీచి చెదరగొట్టదు, ఎండ లోయలోకి దిగేదాకా అది కదలదు. లాంచీ సరంగులు ఈ మంచులో తొందరపడరు, ప్రయాణికులే తొందరపెడతారు.

అడవి ఆకురాల్చే అడవి. టేకు, మద్ది, వేగిస, ఇప్ప, తునికి, వీటన్నిటినీ మించి వెదురు. వాగుల పక్కన తేమ ఎక్కువ కాబట్టి అక్కడ చెట్లు వేసవిలో కూడా పచ్చగా ఉంటాయి. మార్చిలో లాంచీ మీంచి చూస్తే కొండంతా ఎండిపోయినట్టుండి, వాగు దిగే గాడి ఒక్కటే ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. అడవిదున్నలుంటాయి, అందుకే ఇంగ్లీషువాళ్లు దీన్ని బైసన్ కొండ అన్నారు. 2008లో సుమారు 1013 చదరపు కిలోమీటర్లని పాపికొండ జాతీయ పార్కుగా ప్రకటించారు. ఒడ్డున ఉండేది కొండరెడ్లు, కోయలు. పోడు, వెదురు పని, జీలుగ కల్లు వాళ్ల జీవనం. మనం టూర్ ప్యాకేజీలో బొంగు చికెన్ తిని వచ్చేస్తాం, వాళ్లు మాత్రం ఏటా వరదకి కొండెక్కి పాక వేసుకుని నీరు తీసేదాకా అక్కడే ఉంటారు.

ఇంకో విశేషం. 19వ శతాబ్దంలో గోదావరి మీద మధ్య భారతం దాకా స్టీమర్లు నడపాలని కాటన్ దొర కాలంలో పెద్ద పథకం వేశారు. ఎక్కడ ఆగిపోయిందో ఊహించండి. భయంకరంగా కనిపించే ఈ ఇరుకులో కాదు, ఇక్కడ లోతు కావలసినంత ఉంది కాబట్టి పడవకి ఇబ్బంది లేదు. ఎగువన దుమ్ముగూడెం, ఆపైన ఇచ్ఛంపల్లి దగ్గర, వెడల్పుగా పరుచుకుని రాళ్ల మీద పలచగా పారేచోట చిక్కొచ్చింది. డబ్బు పోసి పోసి 1871లో వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట అప్పటి మిగులే.

అలాగని లోతు సురక్షితం అనుకుంటే పొరపాటు. వంపు తిరిగేచోట నీరు రాతిగోడకి కొట్టుకుని కిందకి దిగుతుంది, అడుగున తిరిగి పైకి లేస్తుంది, ఆ కలయికలోనే సుళ్లు పుడతాయి. పైనుంచి చూస్తే నున్నగా, నూనె పోసినట్టు కనిపించే చోటే కింద పోటు ఎక్కువ. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. బోటు 200 అడుగులకు పైగా లోతులో ఉందని తేలింది, దాన్ని బయటికి లాగడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. 300 మీటర్ల వెడల్పున్న నదిలో మునిగిన బోటుని తీయడానికి నెల దాటడమేంటని అప్పుడు టీవీల ముందు చాలామంది విసుక్కున్నారు. వెడల్పు చూసి అడిగిన ప్రశ్న అది.

ఇప్పుడు పోలవరం. 2021 నుంచి నదిని స్పిల్‌వే మీదుగా, అంటే వరద నీటిని వదిలే గేట్ల కట్టడం మీదుగా మళ్లించారు. ఆ గడప ఎత్తు 25.72 మీటర్లు కాబట్టి ఎండాకాలంలో కూడా వెనక నీళ్లు ఆ మట్టం దాకా నిలబడుతున్నాయి. పూర్తిగా నింపితే 45.72 మీటర్లు. అంటే దేవీపట్నం, కొండమొదలు వైపు ఊళ్లే కాదు, లోయ స్వభావమే మారుతోంది. దూకుడుగా పారి అడుగు తవ్వుకునే నది, వరద లేని ఎనిమిది తొమ్మిది నెలలు చెరువులా నిలబడుతుంది. నిలబడ్డ నీరు ఇసుకని మోయలేదు, దించేస్తుంది, అదీ ముందు డ్యామ్ దగ్గర కాదు, పారే నీరు మొదట నెమ్మదించే ఎగువ కొసన, అంటే కూనవరం, శబరి సంగమం వైపు. భద్రాచలం వరద మీద పోలవరం ప్రభావం ఎంత అన్నది రెండు రాష్ట్రాల మధ్య 2022 నుంచి గట్టిగానే నలుగుతోంది. అయితే ఆ వాదన ఎక్కువగా నీటిమట్టాల మీదే నడుస్తోంది. నన్నడిగితే ఏటా వరద తీశాక కూనవరం నుంచి పాపికొండల దాకా నది అడుగు ఎంత పూడిందో కొలిచి, ఆ అంకెలు భద్రాచలం నీటిమట్టంతో పాటు అందరికీ కనపడేలా పెట్టాలి.