ఫ్యాను ఎంత, గీజరు ఎంత: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

కరెంటు బిల్లు రాగానే "ఆ మిక్సీ అంతసేపు వేయకండి" అని ఇంట్లో ఎవరో ఒకరు అనడం మీరు వినే ఉంటారు. మిక్సీ గోల చేస్తుంది కాబట్టి నింద దాని మీదికే పోతుంది. లెక్క వేసి చూస్తే సంగతి వేరు.

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. కాబట్టి వాట్లను గంటలతో గుణించి, వెయ్యితో భాగిస్తే చాలు. 750 వాట్ల మిక్సీ రోజూ పది నిమిషాలు తిరిగినా నెలకు నాలుగు యూనిట్లు కూడా కావు. చడీచప్పుడూ లేని 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు! తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను అయితే అంతే సేపు తిరిగి 11 యూనిట్లతో సరిపెడుతుంది. 2,000 వాట్ల గీజరు రోజుకు అరగంట వేడెక్కితే నెలకు 30.

నా మాట నమ్మడం కాదు, మీరే కొలవండి. డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని రాసి ఉంటుంది, అంటే అది 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపించి, ఒక్క ఫ్యాను వేయండి. 75 వాట్లదైతే నిమిషానికి నాలుగు మెరుపులు. తర్వాత ఫ్యాను ఆపి గీజరు వేయండి. నిమిషానికి నూరు దాటుతాయి, లెక్కపెట్టడమే కష్టం. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాంతోనే లెక్క కట్టండి. దూరం నుంచి చూడడమే తప్ప మీటరును తాకకూడదు.

ఇక రూపాయలు. ఇక్కడే పెద్దవాళ్లు కూడా పొరబడతారు. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి, ఆ సగటు ధరతో గీజరు ఖర్చు కడతారు. కానీ మన దగ్గర కరెంటు ధర శ్లాబులుగా ఉంటుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన ధరలే చూడండి: మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75. నెలకు 220 యూనిట్లు వాడే ఇంట్లో సగటు ధర దాదాపు నాలుగున్నర రూపాయలు. చలికాలంలో గీజరు మొదలుపెడితే అదనంగా 30 యూనిట్లు. సగటున 135 రూపాయలే అనిపిస్తుంది. నిజానికి అందులో ఐదు యూనిట్లకే 6 రూపాయల ధర, మిగతా 25కు 8.75. వెరసి దాదాపు 249 రూపాయలు! ఫిక్స్‌డ్ ఛార్జీల వంటివి వేరే. అందుకే కొత్త వస్తువు ఖర్చు కట్టేటప్పుడు మీ బిల్లులోని చివరి శ్లాబు ధర తీసుకోండి. వాడకం తగ్గించినప్పుడు మిగిలేదీ ముందుగా ఆ ఖరీదైన యూనిట్లే.

ఫ్రిజ్‌కు మాత్రం వాట్ల లెక్క కుదరదు. రోజంతా ప్లగ్గులోనే ఉన్నా దాని కంప్రెసర్ ఆగుతూ, నడుస్తూ ఉంటుంది. తలుపు మీది స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. దాన్ని 12తో భాగించండి. తలుపు ఎక్కువగా తీసే ఇంట్లో అంతకన్నా కొంచెం ఎక్కువే అవుతుంది.

మీ లెక్కలు నాకు రాసి పంపండి.

మీ తాతయ్య