ఏడవని బిడ్డకు నొప్పి లేనట్టేనా?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మడమలో సూది గుచ్చి రక్తం తీయడానికి రెండు నిమిషాల ముందు, నాలుక మీద కొన్ని చుక్కల చక్కెర నీళ్లు వేస్తారు. ఏడుపు తగ్గుతుంది. తగ్గింది ఏడుపేనా, నొప్పి కూడానా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

పసి మెదడుకు నొప్పి తెలియదన్న పాత నమ్మకం గురించి చాలామంది విన్నదే. అసలు మలుపు 1987. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఆపరేషన్ నుంచి తిరిగొచ్చే పసికందులు వెళ్లినప్పటికంటే బాగా చిక్కిపోయి ఉండడం గమనించారు. అప్పట్లో వారికి ఇచ్చేది కండరాలను కదలకుండా చచ్చుబరిచే మందు, కాస్త నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు. ఛాతీ కోస్తున్నా బిడ్డ కదలదు, ఏడవదు. ఎదుటివారి నొప్పి మనకు తెలిసేది ముఖం చూసే కదా. ఆ ముఖమే కదలకపోతే ఎవరి మనసు కరుగుతుంది?

ఆనంద్ బృందం ముఖాన్ని వదిలి రక్తాన్ని పరీక్షించింది. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చిన బిడ్డలతో పోలిస్తే, ఇవ్వని వారిలో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ ఎక్కువగా వచ్చాయి. ఇది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మత్తుతో ఆ చిన్న ప్రాణం పోతుందేమోనన్న వైద్యుల భయం నిజమైనదే. కానీ నొప్పి వల్ల కలిగే హానిని వారు లెక్కలోకే తీసుకోలేదు. 1985లో వాషింగ్టన్‌లో గుండె ఆపరేషన్ జరిగిన ఒక బిడ్డ చనిపోయాక, మత్తే ఇవ్వలేదని తెలిసి తల్లి ఊరుకోలేదు. ఆమె గొంతు కూడా కలవడం వల్లే అమెరికా శిశువైద్యులు 1987లో వైఖరి మార్చుకున్నారు.

ఇక చక్కెర సంగతి. 2010లో లండన్‌లో రెబెకా స్లేటర్ బృందం పసివారి తలకు మెదడు తరంగాలను పట్టే ఎలక్ట్రోడ్లు పెట్టి చూసింది. చక్కెర ముఖాన్ని శాంతపరిచింది గానీ, సూదికి మెదడు స్పందన తగ్గలేదు. పసి మెదడు స్పందిస్తుందనడానికి మరో ఆధారం కూడా ఉంది: 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో, పాదం మీద పెన్సిల్ మొనతో పొడిచినంత స్పర్శకే పెద్దవారి మెదడులో స్పందించే 20 భాగాల్లో 18 పసివారిలోనూ స్పందించాయి.

చక్కెరను సమర్థించేవారు ఎన్నో పరీక్షల్లో నొప్పి స్కోరు, అంటే బిడ్డను గమనించి నొప్పికి వేసే మార్కులు, తగ్గిందంటారు, మెదడు తరంగం ఒక్కటే నొప్పి కాదంటారు. రెండూ వినదగినవే. అయితే ఎక్కువగా వాడే ఒక స్కోరులో గుండె వేగం, ఆక్సిజన్‌తో పాటు మార్కులు వేసేది కనుబొమల ముడికి, బిగించిన కళ్లకు, ముక్కు పక్క ముడతకు. చక్కెర శాంతపరిచేది ఆ ముఖాన్నే.