ఒకే దుకాణం, ఏడు లక్షల ప్రతులు: ఈగల్స్ తిరిగొచ్చిన తీరు

2007 నవంబరు మొదటి వారంలో అమెరికా ఆల్బమ్ చార్టు దాదాపు ఖరారైపోయింది. బ్రిట్నీ స్పియర్స్ 'బ్లాకౌట్' 2,90,000 ప్రతులతో మొదటి స్థానంలోకి వస్తుందని అందరూ లెక్క వేసుకున్నారు. దానితో పాటు అక్టోబరు 30న విడుదలైన, అమెరికన్ రాక్ బ్యాండ్ ఈగల్స్ డబుల్ (రెండు డిస్కుల) ఆల్బమ్ 'లాంగ్ రోడ్ అవుట్ ఆఫ్ ఈడెన్' మాత్రం 7,11,000 ప్రతులు అమ్ముడైంది. అక్కడ ఆల్బమ్‌లు మంగళవారం విడుదలయ్యేవి, లెక్క ఆదివారం ముగిసేది. కాబట్టి ఇది ఆరు రోజుల అమ్మకం, రోజుకు సుమారు 1,18,500 ప్రతులు.

ఇంత అమ్మినా చార్టులో దానికి చోటు లేదు. అమెరికాలో ఆ ఆల్బమ్ వాల్‌మార్ట్‌లోనూ, దాని సోదర సంస్థ సామ్స్ క్లబ్‌లోనూ, బ్యాండ్ సొంత వెబ్‌సైట్‌లోనూ తప్ప అప్పట్లో ఇంకెక్కడా దొరికేది కాదు. ఒకే వ్యాపారి చేతిలో ఉన్న సరుకును బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్ చార్టు అయిన బిల్‌బోర్డ్ 200లో లెక్కించకూడదన్నది అప్పటి నిబంధన. నవంబరు 6న బిల్‌బోర్డ్ ఆ నిబంధనను ఎత్తేసింది. మర్నాటి చార్టులో ఈగల్స్ మొదటి స్థానంలో, బ్రిట్నీ రెండో స్థానంలో ఉన్నారు. ఆమె అభిమానులకు కోపం రావడంలో న్యాయముంది. వారం మొదలైనప్పుడు ఉన్న నిబంధన వారం ముగిశాక మారిపోయింది.

దీని మూలాలు తెలియాలంటే 1980 దాకా వెళ్లాలి.

ఈగల్స్ 1971లో లాస్ ఏంజిలెస్‌లో పుట్టిన బ్యాండ్. డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రై దానికి రెండు స్తంభాలు. 1976 ఫిబ్రవరిలో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం పది లక్షల ప్రతులకు ఇచ్చే ప్లాటినం అనే హోదాను కొత్తగా పెట్టినప్పుడు దాన్ని అందుకున్న మొదటి ఆల్బమ్ వీళ్ల హిట్ పాటల సంకలనమే. ఆ ఏడాది డిసెంబరులోనే 'హోటల్ కాలిఫోర్నియా' వచ్చింది. 1979 నాటి 'ది లాంగ్ రన్' పూర్తయ్యేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితి. 1980 జులై 31న లాంగ్ బీచ్ వేదిక మీద పాటకూ పాటకూ మధ్య ఫ్రై, గిటారిస్ట్ డాన్ ఫెల్డర్ ఒకరినొకరు బెదిరించుకున్నారు. బ్యాండ్ అక్కడితో విడిపోయింది.

అప్పటికే ఒప్పుకున్న లైవ్ ఆల్బమ్ ఒకటి మిగిలింది. కచేరీ టేపుల్లో గొంతులు కలవని చోట మళ్లీ పాడి సరిదిద్దాలి. ఫ్రై లాస్ ఏంజిలెస్‌లో, మిగతావాళ్లు మయామీలో. ఇద్దరు నిలబడి ఒక మైకు ముందు చేయాల్సిన పని, టేపులు కొరియర్‌లో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుండగా పూర్తయింది. హార్మొనీ పాడేవాళ్లు పక్కవాళ్ల ఊపిరి విని, అచ్చు ధ్వని ఎక్కడ ముగుస్తుందో చూసి గొంతు ఆపుతారు. ఆ సౌకర్యం లేకుండా అంత శుభ్రంగా వంత కలిసిందంటే వాళ్ల సాధన ఎలాంటిదో అర్థమవుతుంది.

1994లో మళ్లీ కలిశారు. నాలుగు కొత్త పాటలు, మిగతావి పాతవాటి లైవ్ రూపాలతో వచ్చిన 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఆ టూరులో టికెట్ ధర 100 డాలర్లు దాటింది. కానీ పూర్తి స్థాయి కొత్త ఆల్బమ్ రాలేదు. 2001 ఫిబ్రవరిలో ఫెల్డర్‌ను తొలగించారు. ఆదాయంలో వాటా మీద ఆయన కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం 2007లో, ఆల్బమ్ విడుదలకు కొద్ది నెలల ముందే, కోర్టు బయట సర్దుబాటైంది. ఫెల్డర్ గిటార్ భాగాలను స్టూవర్ట్ స్మిత్ వాయించారు. రికార్డింగ్ నిర్మాణంలోనూ స్మిత్ చేయి ఉంది. కానీ బ్యాండ్ సభ్యుల్లో ఆయన లేరు. హెన్లీ, ఫ్రై, జో వాల్ష్, తిమోతీ బి. ష్మిట్, అప్పటికి ఈ నలుగురే ఈగల్స్.

ఇక్కడే అసలు మలుపు. పాత ఆల్బమ్‌ల మాస్టర్ (అసలు రికార్డింగ్) హక్కులు లేబుల్ దగ్గర, అంటే రికార్డు కంపెనీ దగ్గర, ఉండిపోయాయి. కొత్త ఆల్బమ్‌కు మాత్రం వాళ్లను కట్టిపడేసే ఒప్పందం ఏదీ లేదు. సొంత రికార్డింగ్ సంస్థ పెట్టుకుని, తమ ఖర్చుతో రికార్డు చేసి, మాస్టర్‌ను తమ దగ్గరే ఉంచుకున్నారు. మన సినిమా పాటల్లో నిర్మాత ఆడియో హక్కుల్ని కంపెనీకి ఏకమొత్తంగా అమ్మేయడం అలవాటు కాబట్టి, ఈ తేడా ఎంత పెద్దదో మొదట తట్టకపోవచ్చు. అంకెల్లో చూద్దాం.

ఆ కాలపు మామూలు లేబుల్ ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సీడీ మీద ముద్రించిన ధర 18.98 డాలర్లు. ప్యాకింగ్ పేరుతో 25 శాతం ముందే కోత పడితే 14.23 డాలర్లు మిగులుతుంది. దాని మీద 15 శాతం రాయల్టీ అంటే 2.13 డాలర్లు. దుకాణాలకు ఉచితంగా ఇచ్చే ప్రతుల పేరుతో మరో 15 శాతం తీసేస్తే 1.81 డాలర్లు. నలుగురు పంచుకుంటే తలా 45 సెంట్లు. అది కూడా వెంటనే చేతికి రాదు. రికార్డింగ్ ఖర్చూ, అడ్వాన్సూ ముందు ఈ రాయల్టీలోంచే తీరాలి. అమ్ముడుపోని సీడీలను దుకాణాలు వెనక్కి పంపవచ్చు కాబట్టి, వాటి కోసమని లేబుల్ కొంత సొమ్మును నెలల తరబడి ఆపి ఉంచుతుంది.

రెండో పద్దు పాట రాసినవాళ్లది. 2006 నుంచి 2022 దాకా అమెరికాలో చట్టబద్ధమైన రేటు ప్రతి పాటకు, ప్రతి ప్రతికి 9.1 సెంట్లు. అయిదు నిమిషాలు దాటితే నిమిషానికి 1.75 సెంట్లు, నిమిషంలో భాగమైనా పూర్తి నిమిషంగానే లెక్క. పది నిమిషాలు దాటిన టైటిల్ పాటకు పదకొండు నిమిషాల చొప్పున 19.25 సెంట్లు. ఆల్బమ్‌లో 20 పాటలు. అన్నిటికీ కనీస రేటే వేసినా ఒక్కో ప్రతికి 1.82 డాలర్లు. లేబుల్ ఒప్పందాల్లో సాధారణంగా ఈ రేటును నాలుగింట మూడొంతులకు కుదించి, పదో పన్నెండో పాటల దగ్గర గీత గీసే షరతు ఉంటుంది. అందుకే డబుల్ ఆల్బమ్ అంటే రచయితలకు నష్టం, లేబుల్‌కు తలనొప్పి. తమ సంస్థకు తామే యజమానులైతే ఆ షరతు పెట్టేవాళ్లే ఉండరు. 1970ల చివర్లోనే పబ్లిషింగ్ (పాట రచన మీది) హక్కుల కోసం వ్యాజ్యం వేసిన బ్యాండ్ ఇది. ఈ లెక్కలు వాళ్లకు కొట్టినపిండి.

వాల్‌మార్ట్ వైపు లెక్క వేరు. రెండు డిస్కుల ఆల్బమ్‌కు పెట్టిన ధర 11.88 డాలర్లు. 18.98 ధర ఉన్న ఒక్క సీడీని మామూలు దుకాణదారు టోకులో కొనాలన్నా దాదాపు 12 డాలర్లు పెట్టాలి. అంటే చిన్న దుకాణం కొనే ధరకే వాల్‌మార్ట్ రెండు డిస్కులు అమ్మింది. పాటల కోసం వచ్చినవాళ్లు సరుకుల బండి నింపుకుని వెళ్తారన్నది దాని నమ్మకం. మూడు వేలకు పైగా ఉన్న దుకాణాల్లో, బిల్లు కట్టే వరుస పక్కనే ఈ ఆల్బమ్ పేర్చి ఉంటే వేరే ప్రకటన అక్కర్లేదు.

ఈ పద్ధతి ఈగల్స్‌తో పుట్టలేదు. 2003లో రోలింగ్ స్టోన్స్ తమ డీవీడీ సెట్‌ను బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల గొలుసుకే ఇచ్చినప్పుడు, ఒళ్లు మండిన పోటీ దుకాణాలు ఆ బ్యాండ్ పాత సీడీలను సైతం అరల్లోంచి తీసేశాయి. 2005లో గార్త్ బ్రూక్స్ తన రికార్డులను వాల్‌మార్ట్‌కే అప్పగించారు. ఈగల్స్ కూడా ముందు చిన్న ప్రయోగం చేసి చూసుకున్నారు. మెల్‌బోర్న్ కచేరీ డీవీడీకి మూడు కొత్త పాటల సీడీ జతచేసి 2006లో వాల్‌మార్ట్‌లో మాత్రమే అమ్మారు. అప్పటికి సీడీల మార్కెట్ కుంగిపోతోంది. అమెరికాలోని టవర్ రికార్డ్స్ సంగీత దుకాణాలు 2006 డిసెంబరులో మూతపడ్డాయి. 2007 అక్టోబరులోనే రేడియోహెడ్ తమ ఆల్బమ్‌ను వెబ్‌సైట్‌లో పెట్టి, ధర మీ ఇష్టం అంది. లేబుల్ లేకుండా జనానికి చేరడం ఎలా అన్న ప్రశ్నకు కుర్రవాళ్ల జవాబు అది, యాభైలు దాటినవాళ్ల జవాబు వాల్‌మార్ట్.

యాభైలు దాటినవాళ్లు అన్న మాట కొనేవాళ్లకూ వర్తిస్తుంది. మొదటి సింగిల్‌గా, అంటే ఆల్బమ్ కంటే ముందు విడిగా వదిలే పాటగా, 'హౌ లాంగ్'ను ఎంచుకోవడంలో తెలివి అక్కడే ఉంది. అది కొత్త పాట కాదు. వాళ్ల పాత మిత్రుడు జె.డి. సౌథర్ 1972లో తన సొంత ఆల్బమ్‌లో పాడుకున్నది. ఈగల్స్ తొలినాళ్ల కచేరీల్లో వాయించి, రికార్డు చేయకుండా వదిలేశారు. అందుకే అది వినగానే 1970ల ఈగల్స్‌లా ఉంటుంది. దాన్ని రాక్ రేడియోతో పాటు కంట్రీ రేడియోకూ పంపారు. అప్పటికీ సీడీ కొనే అలవాటు మానని శ్రోతలు అక్కడున్నారు, వాళ్ల ఊళ్లలో వాల్‌మార్ట్ ఉంది. ఆల్బమ్ విడుదలైన వారానికి, నవంబరు 7న, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల వేదిక మీద అదే పాట పాడారు. 2008లో దానికి కంట్రీ విభాగంలో గ్రామీ వచ్చింది.

ఆల్బమ్‌లో మనసు పెట్టి వినాల్సింది మొదటి పాట. 'నో మోర్ వాక్స్ ఇన్ ద వుడ్'కు సాహిత్యం జాన్ హాలండర్ కవిత. నరికేసిన అడవి గురించి నాలుగు గొంతులు పాడతాయి. హంగు లేదు, డ్రమ్ లేదు. 28 ఏళ్ల తర్వాత వచ్చే ఆల్బమ్ తలుపు గిటార్ మోతతో తెరవకుండా, తమ అసలు ఆస్తి అయిన గొంతుల కలయికను ముందు పెట్టారు. ఇందులో ఏ ఒక్కరి స్వరం కాస్త పక్కకు జరిగినా దాచుకోవడానికి పెద్ద వాద్యాల అడ్డు లేదు. రెండో డిస్కు మొదట్లో వచ్చే టైటిల్ పాట ఇరాక్ యుద్ధాన్ని, అమెరికా పెత్తనాన్ని నిలదీస్తుంది. 'బిజినెస్ యాజ్ యూజువల్' కార్పొరేట్ దురాశ మీద కోపం. ఇలాంటి పాటలను ప్రపంచంలోనే అతి పెద్ద చిల్లర వ్యాపారి ద్వారా అమ్మడమేమిటని హెన్లీని గట్టిగానే నిలదీశారు. వాల్డెన్ అడవులను కాపాడే సంస్థను 1990లో స్థాపించిన మనిషి కాబట్టి ఆ విమర్శ సబబే. ఆల్బమ్ బలహీనత కూడా చెప్పాలి. 20 పాటలు ఎక్కువ. రెండో డిస్కు నడుమ ఊపు తగ్గుతుంది, అయిదారు తీసేస్తే ఇంకా గట్టిగా నిలబడేది.

అమ్మకాల్లో మాత్రం ఊపు తగ్గలేదు. రెండు నెలల్లో దాదాపు 26 లక్షల ప్రతులతో ఆ ఏడాది అమెరికాలో మూడో స్థానం. ఏడుసార్లు ప్లాటినం అన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. డబుల్ ఆల్బమ్‌లో ఒక్కో డిస్కునూ విడిగా లెక్కించారు కాబట్టి 70 లక్షలు అంటే దుకాణాలకు చేరిన పెట్టెలు 35 లక్షలు. పైగా ఆ ధ్రువీకరణ దుకాణాలకు పంపిన ప్రతులను బట్టి ఇచ్చేది. అప్పటి వారపు చార్టుకు ఆధారం బిల్లింగ్ కౌంటర్ దగ్గర బార్‌కోడ్ స్కాన్. ఈ రెండు అంకెలను కలిపేసి రాసే పొరపాటు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఈ దారిలో తర్వాత చాలామంది నడిచారు. 2008 జూన్‌లో జర్నీ బ్యాండ్ మూడు డిస్కులను అదే 11.88 డాలర్లకు వాల్‌మార్ట్‌లో పెట్టింది. ఒకటి కొత్త పాటలు, ఒకటి పాత హిట్లను కొత్త గాయకుడు ఆర్నెల్ పినేడాతో మళ్లీ పాడించినవి, మూడోది కచేరీ డీవీడీ. పాత హిట్లను మళ్లీ పాడించడం వెనకా అదే మాస్టర్ లెక్క ఉంది. పాతవి లేబుల్‌వి, కొత్తగా పాడినవి తమవి. అక్టోబరులో ఏసీ/డీసీ 'బ్లాక్ ఐస్' మొదటి వారమే 7,84,000 ప్రతులు అమ్మింది. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్, వెంటనే మొదలైన ప్రపంచ టూరు. అది 2012 దాకా ఐట్యూన్స్‌లో దొరకలేదు కూడా.

దెబ్బతిన్నది గన్స్ ఎన్ రోజెస్. 2008 నవంబరు 23న 'చైనీస్ డెమోక్రసీ'ని బెస్ట్ బైకి మాత్రమే ఇచ్చారు. ఆ గొలుసు దాదాపు 13 లక్షల ప్రతులు ముందే కొనేసిందని అప్పట్లో వార్తలొచ్చాయి. మొదటి వారం కదిలింది సుమారు 2,61,000, చార్టులో మూడో స్థానం. కారణాలు స్పష్టమే. విడుదల సమయంలో టూరు లేదు, గాయకుడు ఆక్సెల్ రోజ్ బయటికొచ్చి మాట్లాడలేదు. పాత బృందంలో ఎక్కువమంది లేరు. బెస్ట్ బై దుకాణాలు వాల్‌మార్ట్ కంటే బాగా తక్కువ, పాల కోసం, బియ్యం కోసం వారం వారం వెళ్లే చోటు కూడా కాదు. ఒకే దుకాణానికి కట్టుబడితే ఆ దుకాణానికి వెళ్లే కారణం జనానికి ముందే ఉండాలి, లేదా బ్యాండే కల్పించాలి. ఇక్కడ రెండూ లేవు.

బిల్‌బోర్డ్ 2007లో తెరిచిన తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందన్న పేచీ ఆ తర్వాతా సాగింది. 2011లో అమెజాన్ లేడీ గాగా ఆల్బమ్‌ను 99 సెంట్లకు అమ్మాక, తొలి నాలుగు వారాల్లో 3.49 డాలర్ల కంటే తక్కువకు అమ్మిన ప్రతిని లెక్కించబోమన్నారు. 2013లో శామ్‌సంగ్ తన వినియోగదారులకు ఉచితంగా పంచిన జే-జీ ఆల్బమ్ పది లక్షల ప్రతులను పక్కన పెట్టారు. 2014 సెప్టెంబరులో యూ2 కొత్త ఆల్బమ్‌ను ఆపిల్ కోట్ల ఖాతాల్లో ఊరికే వేసినా, చార్టుకు అందింది అక్టోబరులో డబ్బు పెట్టి కొన్నవే. కచేరీ టికెట్‌తో, టీషర్టుతో కలిపి ఇచ్చే ఆల్బమ్‌ల లెక్కకు 2020 అక్టోబరులో అడ్డుకట్ట పడింది.