నంబరు బాగుంది, మనిషి బాగోలేదు

చెస్ట్ వార్డులో పనిచేసిన ఏ సిస్టర్‌ని అడిగినా ఇలాంటి రాత్రి ఒకటి చెబుతారు. మంచం మీద అరవై దాటిన పెద్దావిడ. ముప్పై నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊది ఊది, బీడీ ముట్టకుండానే ఊపిరితిత్తులు పాడైన మనిషి. డాక్టర్లు సీఓపీడీ అన్నారు, అంటే గాలి దారులు ఇరుకై నానాటికీ ముదిరే ఊపిరితిత్తుల జబ్బు. ముక్కుకి ప్రాంగ్స్ (రెండు ముక్కుపుటాల్లోకి దూర్చే సన్నటి గొట్టాలు) పెట్టి నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ ఇస్తున్నారు. రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే సాచురేషన్, చెప్పే ఆక్సీమీటర్ వేలికి తగిలించి ఉంది. అది 89 చూపిస్తోంది.

పక్కన స్టూలు మీద కూర్చున్న కొడుక్కి ఆ అంకె చూస్తుంటే టెన్షన్. 95 ఉండాలని కరోనా రోజుల్లో ఇంటింటా నేర్చుకున్నాం కదా. సిస్టర్ అటు తిరగ్గానే లేచి ఆక్సిజన్ ఎంత పోవాలో కొలిచే ఫ్లోమీటర్ మర తిప్పేశాడు. రెండు లీటర్లు ఆరయ్యాయి, 89 కాస్తా 97 అయింది. కాసేపటికి తల్లి మూలుగు ఆగింది. కళ్ళు మూసుకుంది. రౌండుకి వచ్చిన సిస్టర్‌తో "ఇన్నాళ్ళకి అమ్మ హాయిగా పడుకుంది సిస్టర్" అన్నాడు.

సిస్టర్ చెయ్యి పట్టుకుని చూశారు. వెచ్చగా ఉంది. పిలిస్తే పలకలేదు. భుజం తట్టి లేపితే ఏదో గొణిగి మళ్ళీ మగతలోకి జారిపోయింది. గడియారం చూసి లెక్కపెడితే ఊపిరి నిమిషానికి పదే. అది నిద్ర కాదు.

ఊపిరితిత్తులు చేసేవి రెండు పనులు. ఆక్సిజన్‌ని రక్తంలోకి చేర్చడం ఒకటి, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపడం రెండోది. ఆక్సీమీటర్‌కి తెలిసింది మొదటి పని మాత్రమే. రెండోది ఎంత అధ్వానంగా జరుగుతున్నా అది నింపాదిగా 97 చూపిస్తూనే ఉంటుంది. పైన చెప్పిన పెద్దావిడ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మెదడుని మత్తులో ముంచుతోంది. పొద్దున్నే తలనొప్పి, వెచ్చటి చేతులు, చేతులు చాపమంటే మణికట్టు దగ్గర పక్షి రెక్కల్లా కొట్టుకోవడం, ఆ తర్వాత మగత. ఈ గుర్తులు కనిపెట్టాలంటే మనిషి దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆక్సిజన్ ఎక్కువైతే ఇలా ఎందుకు జరుగుతుంది? ఆక్సిజన్ దొరికేసరికి ఊపిరి తీసుకోవాలన్న తపన తగ్గిపోతుందని పాత పాఠాల్లో చెప్పేవారు. అది కొంతవరకే నిజం. దెబ్బతిన్న ఊపిరితిత్తిలో కొన్ని గాలి గదులకి గాలి సరిగా అందదు. ఒళ్ళు తెలివైనది, అటు పోయే రక్తనాళాల్ని బిగించి రక్తాన్ని మంచి గదుల వైపు మళ్ళిస్తుంది. బయటి నుంచి ఆక్సిజన్ కుమ్మరిస్తే ఆ బిగింపు సడలుతుంది. రక్తం మళ్ళీ పనికిరాని గదుల్లోకి పోయి, కార్బన్ డయాక్సైడ్‌ని దింపకుండానే తిరిగొస్తుంది. పైగా ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ తాను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ని రక్తంలోకే వదిలేస్తుంది. అందుకే ఇలాంటి రోగులకి సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో చేసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. ఊపిరాడని 405 మందిలో కొందరికి ఎప్పట్లా ఎక్కువ ఆక్సిజన్, మిగతావాళ్ళకి 88-92 దాటకుండా కొలిచి ఇచ్చారు. మొదటి గుంపులో 9 శాతం మంది చనిపోతే, రెండో గుంపులో 4 శాతం. మందుకి డోసు ఉన్నట్టే ఆక్సిజన్‌కీ ఉంటుంది. ఆ మర మీద చెయ్యి వేసేముందు బంధువులు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

అలాగని కంగారుపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయడం ఇంకా పెద్ద తప్పు. సాచురేషన్ మొదటికన్నా కిందికి పడిపోతుంది. ఆ రాత్రి సిస్టర్ చేసిందేమిటంటే మరని కొద్దికొద్దిగా తగ్గించి అంకెని 90 దగ్గరికి తెచ్చారు, మంచం తల పైకెత్తి పెద్దావిడని కూర్చోబెట్టారు, డాక్టర్‌కి ఫోన్ చేశారు. ధమని నుంచి రక్తం తీసి పరీక్షకి పంపడం, మిషన్‌తో గాలిని ఒత్తిడితో లోపలికి పంపే బైపాప్ మాస్కు పెట్టడం ఆ తర్వాత సంగతి.

ఇలాంటి పొరపాటే ఒకప్పుడు మహామహా డాక్టర్లకీ జరిగింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డమ్ ఆస్పత్రిలో మొదటి వారాల్లో ఊపిరి కండరాలు పడిపోయిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆక్సిజన్ ఇస్తున్నారు కాబట్టి ఒళ్ళు నీలం తిరగలేదు. చూడ్డానికి బాగానే ఉన్నారు, కానీ చెమటలు పట్టి, బీపీ పెరిగి, స్పృహ తప్పి పోతున్నారు. రక్తపరీక్షలో కనబడ్డ తేడాని మరేదో అనుకున్నారు. అది పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ అని పసిగట్టింది బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్. గొంతుకి రంధ్రం చేసి ట్యూబు వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాలన్నాడు. అన్ని మిషన్లు ఎక్కడివి? సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుని నెలల తరబడి సంచులు నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గాయి. ఇవాళ్టి ఐసీయూలకి మొదలు ఆ వార్డే.

ఆక్సీమీటర్‌ని తక్కువ చేయడం లేదు. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1974లో బయటపెట్టిన ఆలోచన అది. ఎరుపు, పరారుణ కాంతులు రెండు వేలి గుండా పంపి, నాడి కొట్టినప్పుడల్లా వచ్చే తేడాని బట్టి రక్తం ఎంత ఎర్రగా ఉందో చెబుతుంది. చుక్క రక్తం తీయకుండా ఈ సంగతి తెలియడం మామూలు విషయం కాదు. కానీ చేతులు చల్లబడితే తడబడుతుంది, గోళ్ళ రంగుంటే తికమకపడుతుంది. పొగలో చిక్కుకున్నవాళ్ళలో కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా ఆక్సిజనే అనుకుంటుంది. రక్తహీనత ఉన్న మనిషిలో, ఉన్న కాస్త హిమోగ్లోబిన్ నిండుగా ఉంటే చాలు, 98 అంటుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్ళలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. ఆక్సీమీటర్ 92-96 చూపిస్తున్నా రక్తంలో నిజంగా ఆక్సిజన్ పడిపోయి ఉండటం తెల్లవాళ్ళకన్నా నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ కనబడింది. మన చర్మాల రంగు దృష్ట్యా ఇది ఎవరికో సంబంధించిన వార్త కాదు.

మరి అంకెకన్నా ముందు చెప్పేదేమిటి? ఊపిరి వేగం. పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు తీసుకుంటారు. ఒళ్ళు ఇబ్బందిలో పడితే మొదట పెరిగేది ఇదే. వేగంగా ఊపిరి తీస్తూ సాచురేషన్‌ని నిలబెట్టుకుంటారు కాబట్టి అంకె పడిపోయేసరికి చాలా ఆలస్యమైపోతుంది. బ్రిటన్ ఆస్పత్రుల్లో వాడే హెచ్చరిక పట్టికలో ఊపిరి నిమిషానికి 25, ఆపైన ఉంటే ఆ ఒక్కదానికే అత్యధికంగా మూడు మార్కులు వేస్తారు. ఎనిమిదీ, ఆ లోపూ ఉన్నా అంతే. కానీ కేస్ షీట్లు తిరగేయండి. వార్డంతా, రోజంతా 20, 20, 20. నలభై మందికీ ఒకటే ఊపిరి! దీనికి సిస్టర్లనే తిట్టడం అన్యాయం. ఇంతమందిని ఒక్కరే చూసుకునే నైట్ డ్యూటీలో ఒక్కో నిమిషం లెక్కపెడితే అదే నలభై నిమిషాలు. బీపీకి, నాడికి మిషనుంది, దీనికి కళ్ళే దిక్కు. అనుభవమున్నవాళ్ళు నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, రోగికి తెలియకుండా పొట్ట కదలికలు లెక్కపెడతారు. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా మారిపోతుంది మరి. అదే నిమిషంలో ముక్కుపుటాలు ఎగరేస్తున్నారా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయా, ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నారా అన్నవీ కనబడతాయి. మాటకో ఊపిరి తీస్తున్న మనిషికి 96 ఉన్నా అనుమానించాల్సిందే.

ఇక దిండు. ఆయాసంతో ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెడితే పొట్టలోని అవయవాలు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని, అంటే ఉదరవితానాన్ని, పైకి నెడతాయి. కూర్చోబెడితే అవి కిందికి జారి, ఊపిరితిత్తికి చోటు దొరుకుతుంది. ముందున్న బల్ల మీద దిండు వేసి, దాని మీద చేతులు ఆనించి ముందుకి వంగితే ఇంకా సుఖం. చేతులకి ఊత దొరికితే భుజాల కండరాలు కూడా ఊపిరికే సాయం చేస్తాయి. ఊపిరాడని మనిషి తనంతట తాను మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగేది ఇందుకే. ఒకవైపు ఊపిరితిత్తికే న్యుమోనియా వస్తే, సాధారణంగా మంచి వైపు కిందికి వచ్చేలా పడుకోబెడతారు. రక్తం బరువుకి కిందికే పోతుంది, అక్కడ బాగున్న ఊపిరితిత్తి ఉంటే ఆక్సిజన్ అందుకుంటుంది. పసిపిల్లల్లో, ఊపిరితిత్తి నుంచి రక్తం పడుతున్నవాళ్ళలో ఈ లెక్క వేరు.

బోర్లా పడుకోబెట్టడం వీటన్నిట్లోకీ పెద్ద పని. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపు ఉంటుంది. వెల్లకిలా ఉంటే ఆ భాగం గుండె బరువు కింద నలిగి మూసుకుపోతుంది, బోర్లిస్తే తెరుచుకుంటుంది. వెంటిలేటర్ మీదున్న తీవ్ర రోగుల్ని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లో చావులు 33 శాతం నుంచి 16కి తగ్గాయని ఫ్రాన్సులో ప్రధానంగా జరిగిన అధ్యయనం 2013లో చూపించింది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. కానీ ట్యూబులు ఊడకుండా మనిషిని తిప్పాలంటే నలుగురైదుగురు కావాలి, ముఖం మీద, మోకాళ్ళ మీద పుండ్లు పడకుండా చూసుకోవాలి. అదంతా నర్సింగ్ చాకిరీయే, పేపర్లలో ఎక్కడా కనబడదు. 2021 ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకి వెళ్తున్న రోజుల్లోనే, కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్ళలో ఉన్న రోగులకి బోర్లా పడుకునే పద్ధతి బొమ్మలతో సహా చెప్పింది. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాళ్ళ కింద పిక్కల దగ్గర రెండు.

మాస్కుల గురించి రెండు ముక్కలు. ప్రాంగ్స్‌తో లీటరు ఆక్సిజన్ ఇస్తే పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 నుంచి సుమారు 24 శాతానికి చేరుతుంది, ఆపైన లీటరుకి నాలుగు చొప్పున పెరుగుతుందని అంచనా. మామూలు మాస్కు పెట్టి, ఆక్సిజన్ ఆదా చేద్దామని రెండు లీటర్లకి తగ్గించేవాళ్ళున్నారు. వద్దు. అయిదు లీటర్ల లోపైతే వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్కులోనే మిగిలి మళ్ళీ లోపలికే పోతుంది. తక్కువ చాలనుకుంటే ప్రాంగ్స్‌కి మారాలి. సంచి ఉన్న మాస్కైతే ఆ సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి. ముక్కు ఎండిపోయిందని కొబ్బరినూనె, వాసెలిన్ రాయకూడదు. ఆక్సిజన్ దగ్గర నూనె నిప్పుకి తోడవుతుంది, నీటితో చేసిన జెల్లీ అడగండి. సిలిండర్ పక్కన అగరొత్తులు వెలిగించేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు.

గొంతులో ట్యూబు ఉన్నవాళ్ళకి కళ్ళె లాగడం అందరూ భయపడే పని. చూసేవాళ్ళకి క్రూరంగా ఉంటుంది. పైపు లోపల ఉన్నంతసేపూ కళ్ళెతో పాటు గాలినీ లాగేస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ పెంచి ఇస్తారు, 10-15 సెకన్లు మించనివ్వరు, గంటకోసారని కాకుండా గురగుర వినిపించినప్పుడే చేస్తారు.

ఇవన్నీ చేశాక కూడా ఆయాసం పూర్తిగా పోని మనుషులుంటారు. ముదిరిన సీఓపీడీ, క్యాన్సర్. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఊపిరాడనట్టే ఉంటుంది. 2010లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఇలాంటి 50 మందికి చేత్తో పట్టుకునే చిన్న ఫ్యాను ఇచ్చి అయిదేసి నిమిషాలు ఒకసారి ముఖానికి, ఒకసారి కాలికి గాలి పెట్టించారు. కాలికి తగిలినప్పటికన్నా ముఖానికి తగిలినప్పుడు ఆయాసం తగ్గిందని రోగులు చెప్పారు. బుగ్గలకి, ముక్కుకి చల్లగాలి తగిలితే అక్కడి నరం మెదడుకి 'గాలి అందుతోంది' అన్న కబురు పంపుతుందని వివరణ. మంచం పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరే అమ్మమ్మలు మనకి కొత్తేం కాదు. ముఖం వైపు విసరాలి, అంతే.