టెలికాం కంపెనీలో ఉద్యోగం: హైదరాబాద్‌లో నేను వినే అపోహలు, లోపల కనిపించే వాస్తవాలు

ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు, పెళ్లిళ్లలో ఎదురయ్యే చుట్టాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు వాళ్లు, అందరూ నన్ను అడిగేది దాదాపు అవే ప్రశ్నలు. నేను చాలా ఏళ్లుగా ఒక పెద్ద మొబైల్ ఆపరేటర్‌లో నెట్‌వర్క్ ఆపరేషన్స్ చూస్తున్నాను. ఏ కంపెనీ అని అడగొద్దు, చెప్పను. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఒకేచోట రాస్తున్నా. ఇది నెట్‌వర్క్ వైపు మనిషి రాసింది కాబట్టి సేల్స్ వాళ్లకి కొన్నిచోట్ల కోపం రావచ్చు, రానివ్వండి.

అపోహ: పెద్ద కంపెనీ కదా, ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదు

ఇలా అనేవాళ్లకి 2012 ఫిబ్రవరి 2 గుర్తుండదు. ఆ రోజు సుప్రీంకోర్టు ఒక్క తీర్పుతో 122 టూజీ లైసెన్సులు రద్దు చేసింది. రాత్రికి రాత్రి కొన్ని కంపెనీల ఉద్యోగులు రెజ్యూమెలు బయటికి తీశారు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, రేట్లు పడిపోయాయి, ఆ తర్వాత మూడేళ్లలో మార్కెట్ మొత్తం కుదించుకుపోయింది. 2017 చివర్లో ఆర్‌కామ్ (రిలయన్స్ కమ్యూనికేషన్స్) మొబైల్ కాల్స్ ఆపేసింది, 2018లో ఎయిర్‌సెల్ దివాలాకి వెళ్లింది, టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది, అదే ఏడాది ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి, 2019లో టాటా వాళ్ల మొబైల్ వ్యాపారం కూడా ఎయిర్‌టెల్‌కే పోయింది. ఇప్పుడు దేశమంతటా ఉన్న ప్రైవేటు ఆపరేటర్లు మూడే.

విలీనం అనగానే షేర్ల గురించి మాట్లాడతారు గానీ ఆఫీసులో జరిగేది వేరు. ఒకే సర్కిల్‌కి, అంటే ఒకే లైసెన్సు ప్రాంతానికి, ఇద్దరు హెడ్‌లు, రెండు ప్లానింగ్ టీములు, రెండు కంట్రోల్ రూములు తేలతాయి. కొన్నాళ్లకి ఒక్కొక్కటే మిగులుతాయి. ఎవరు మిగులుతారనేది పనితనం ఒక్కదాని మీదే ఆధారపడదు, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఉంచుకున్నారో దాని మీద కూడా ఉంటుంది.

సర్కారు సంస్థ అయితే సేఫ్ అంటారా? 2019లో బీఎస్‌ఎన్‌ఎల్ యాభై దాటినవాళ్లకి వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ప్రకటిస్తే 78 వేల మందికి పైగా తీసుకున్నారు, 2020 జనవరి 31న ఒకేసారి బయటికి వచ్చారు. వాళ్లలో చాలామంది డబ్బులు తీసుకుని సంతోషంగానే వెళ్లారు, అది వేరే సంగతి. కానీ ‘పర్మనెంట్’ అన్నదానికి ఈ రంగంలో అర్థం అంతవరకే.

మరి మంచేమీ లేదా అంటే ఉంది. జీతం తేదీ తప్పదు, ఇంట్లోవాళ్లకి కూడా హెల్త్ ఇన్సూరెన్స్ వస్తుంది. ఇంకా పెద్ద లాభం ఏంటంటే ఇది చిన్న ప్రపంచం. హైదరాబాద్‌లో ఆపరేటర్, టవర్ కంపెనీ, పరికరాలు అమ్మే వెండర్, ఈ మూడింటి మధ్యే మనుషులు తిరుగుతుంటారు. పని తెలిసినవాడన్న పేరుంటే ఒక తలుపు మూసుకున్నా ఇంకోచోటి నుంచి ఫోన్ వస్తుంది. పేరు చెడితే కూడా అంతే త్వరగా పాకుతుంది.

అపోహ: కంపెనీ బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకున్నవాళ్లంతా కంపెనీ ఉద్యోగులే

నన్నడిగితే ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ముందు చదవాల్సింది ఇదే.

మీ ఇంటి పక్కన కనిపించే టవర్ చాలావరకు ఆపరేటర్‌ది కాదు, టవర్ కంపెనీది. దాని మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు యాంటెన్నాలు పెట్టుకుని అద్దె కడతారు. కింద జనరేటర్, బ్యాటరీలు చూసుకునే టెక్నీషియన్ టవర్ కంపెనీ తరఫున పనిచేసే కాంట్రాక్టర్ మనిషి. ఫైబర్ అతికేవాడు ఇంకో కాంట్రాక్టర్ దగ్గర, కొన్నిసార్లు ఆ కాంట్రాక్టర్ కింద ఉన్న సబ్ కాంట్రాక్టర్ దగ్గర. కాల్ సెంటర్ ఇంకో కంపెనీది. షోరూంలో సిమ్ ఇచ్చే అమ్మాయి ఫ్రాంచైజీ మనిషి కావచ్చు. కంట్రోల్ రూంలో నా పక్క కుర్చీలో కూర్చునే కుర్రాడు వెండర్ పేరోల్‌లో ఉండొచ్చు. ఇద్దరం ఒకే స్క్రీన్ చూస్తాం, ఒకే అలారానికి పరిగెడతాం, జీతంలో మాత్రం చాలా తేడా. దీపావళి బోనస్ వచ్చిన రోజు ఆ కుర్రాడి పక్కన కూర్చోవడం ఇబ్బందిగానే ఉంటుంది.

అందుకే ఎవరైనా ‘ఫలానా కంపెనీలో జాబ్ వచ్చిందన్నా’ అంటే, నేను ముందడిగేది ‘ఆన్ రోలా, ఆఫ్ రోలా?’ అనే, అంటే కంపెనీ సొంత పేరోల్‌లోనా, కాంట్రాక్టర్ లేదా వెండర్ పేరోల్‌లోనా అని. ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుంది, పీఎఫ్ ఏ సంస్థ కడుతుంది, కాంట్రాక్టర్ మారితే మీ సర్వీసు కొనసాగుతుందా, సైట్‌కి వెళ్లడానికి పెట్రోల్ ఎవరిస్తారు, రాత్రి డ్యూటీకి అలవెన్స్ ఉందా, ఇవన్నీ చేరకముందే అడగాలి. చేరాక పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకోండి. జీతంలో కట్ చేసి అక్కడ జమ చేయని కాంట్రాక్టర్లు ఉన్నారు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత పని చేయించుకున్న ప్రధాన సంస్థ మీద పడుతుందని చట్టం చెబుతోంది. ఈ సంగతి చాలామంది టెక్నీషియన్లకి తెలియదు, తెలియజేసేవాళ్లూ లేరు.

ఆఫ్ రోల్ అని అసలు చేరొద్దనడం లేదు. పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు కూడా. ఎంతకాలం ఉండాలో లెక్క వేసుకుని చేరండి.

అపోహ: నెట్‌వర్క్ ఉద్యోగమంటే ఏసీ గదిలో స్క్రీన్లు చూస్తూ కూర్చోవడం

ఏసీ ఉంటుంది, అది నిజమే. నిద్రే ఉండదు.

నెట్‌వర్క్‌లో ఏ మార్పు చేయాలన్నా, అంటే సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ గానీ పరికరంలోని కార్డు మార్చడం గానీ లింకు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించడం గానీ, అర్ధరాత్రి దాటాకే, జనం ఫోన్లు పక్కన పెట్టి పడుకున్నాకే చేస్తాం. తెల్లారేలోపు పూర్తి కావాలి, లేకపోతే పాత స్థితికి తిప్పేయాలి. పెళ్లింట్లో కరెంటు పని చూసేవాడి బతుకే మాది, అంతా వెలిగినంతసేపు మేమున్నామని కూడా ఎవరికీ తెలియదు.

చాలామందికి తెలియని ఇంకో విషయం. 2014లో రాష్ట్రం రెండైంది కానీ టెలికాం లైసెన్సు లెక్కలో మాత్రం ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్ సర్కిల్’ ఒక్కటే, తెలంగాణ కూడా అందులోనే. అంటే హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా లెక్క. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త మాకు ఆఫీసు పని. రాష్ట్రం విడిపోయిన ఆ ఏడాదే అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది. ఇలాంటి తుఫాన్లలో టవర్లు కూలడం కంటే కరెంటు లేక బ్యాటరీలు అయిపోవడం, చెట్లు పడి డీజిల్ బండ్లు సైట్‌కి చేరలేకపోవడం పెద్ద తలనొప్పి.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ నేల కింద గ్రానైట్. ఫైబర్ కోసం తవ్వడం ఖరీదు, ఆలస్యం, పైగా రోడ్డు కటింగ్‌కి పర్మిషన్లు. అందుకే సగం నగరం కేబుళ్లు కరెంటు స్తంభాల మీదే వేలాడుతూ పెరిగాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లు కోయించడం మొదలుపెట్టింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్లో ఎన్ని కాలనీల్లో నెట్ పోయిందో ఇంటి నుంచి పనిచేసే ఐటీవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అలా వేలాడదీయడం తప్పే. కానీ తెగిన ప్రతిచోటా అర్ధరాత్రి నిచ్చెన వేసుకుని ఎక్కింది మాత్రం ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని ఫైబర్ కుర్రాళ్లే.

జేసీబీ మాకు ఇంకో నిత్యశత్రువు. తవ్వే ముందు కేబుల్ యజమానులకి తెలియజేయడానికి 2023లో కేంద్రం ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది, మంచి ఆలోచన. గల్లీలో డ్రైనేజీ పైపు కోసం తవ్వే జేసీబీ డ్రైవర్ ఎంతమంది దాన్ని తెరుస్తారో మీరే ఊహించుకోండి. కేబుల్ తెగాక ఓటీడీఆర్ అనే మెషిన్ పెడితే ఎన్ని కిలోమీటర్ల దగ్గర తెగిందో చూపిస్తుంది. అయితే అది ఫైబర్ పొడవు, రోడ్డు మీది దూరం కాదు. మధ్యలో ప్రతి ఛాంబర్‌లో, అంటే కేబుల్ కోసం నేలలో కట్టిన గుంతలో, చుట్టి పెట్టిన అదనపు కేబుల్‌ని లెక్కలోంచి తీసేయాలి. పాత మ్యాపు తప్పయితే అక్కడ రోడ్డు, తవ్విన గుంత తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు దారి చూపేది ఆ రూట్ వేసినప్పుడు ఉన్న పాత టెక్నీషియనే. ఆయన్ని గత ఏడాది ఖర్చు తగ్గించడానికి తీసేసి ఉంటారు.

వినాయక నిమజ్జనం రోజు సంగతి మాత్రం గర్వంగానే చెబుతాను. ట్యాంక్‌బండ్ చుట్టూ లక్షలమంది ఒకేసారి వీడియోలు పంపుతుంటారు. బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాం, చుట్టుపక్కల సైట్ల మధ్య లోడు పంచడానికి ముందు నుంచే సెట్టింగులు సరిచేస్తాం. ఖైరతాబాద్ గణపతి నీళ్లలో దిగే వేళకి నెట్‌వర్క్ గ్రాఫులు పడిపోకుండా నిలబడితే ఆ గదిలో ఉండే ఉత్సాహం వేరే ఉద్యోగంలో దొరుకుతుందనుకోను.

అపోహ: టవర్ దగ్గర పనిచేస్తే రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుంది

మొబైల్ తరంగాలు అయనీకరణ చేసే రకం కాదు, ఎక్స్‌రే లాంటివి కావు. పైగా మన ప్రభుత్వం 2012 సెప్టెంబర్ నుంచి పరిమితిని అంతర్జాతీయంగా సూచించిన దాంట్లో పదో వంతుకి తగ్గించింది. యాంటెన్నాకి సరిగ్గా ఎదురుగా, దగ్గరగా పనిచేసే రిగ్గర్ (టవర్ ఎక్కి పనిచేసేవాడు) విషయం వేరు, అందుకే ఎక్కేముందు ఆ సెక్టార్, అంటే ఆ దిక్కు యాంటెన్నా, పవర్ ఆపించాలి. టవర్ మీద నిజంగా చంపేవి రెండు, ఎత్తు, కరెంటు. హార్నెస్ (పడిపోకుండా కట్టుకునే బెల్టు) లేకుండా ‘ఒక్క నిమిషం పని సార్’ అని ఎక్కేవాళ్లని చూస్తే నాకు వచ్చే టెన్షన్ ఏ రేడియేషన్ వార్త చూసినా రాదు.

అపోహ: మీరు మా కాల్స్ వింటారు కదా

ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తల్లోకి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న ఎక్కువైంది. సంభాషణ వినాలంటే మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, కంపెనీలో దాన్ని చూసే నోడల్ టీమ్ వేరు, చిన్నది. నాలాంటివాళ్లకి ఆ గది తలుపు కూడా తెరుచుకోదు. కాల్ రికార్డుల్లో ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు చేశారు, ఏ టవర్ పరిధిలో ఉన్నారు అన్నవే ఉంటాయి, మాటలు ఉండవు. 2021 చివర్లో వచ్చిన మార్పు ప్రకారం వాటిని కనీసం రెండేళ్లు దాచాలి. స్నేహితుడు అడిగాడని ఎవరి వివరాలైనా తెరిచి చూస్తే మన లాగిన్ నమోదవుతుంది, ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. కొత్తగా చేరినవాళ్లు బావమరిదికి సాయం చేయబోయి ఇక్కడే ఇరుక్కుంటారు.

అపోహ: సేల్స్ సులువు, సిమ్ ఎవరికి అక్కర్లేదు?

అందరి దగ్గరా సిమ్ ఉంది, అదే సమస్య. 2011 జనవరి నుంచి నంబర్ మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది, అప్పటి నుంచి కొత్త కస్టమర్ అంటే పక్కవాడి కస్టమరే. నెలాఖరు టార్గెట్ కోసం రీఛార్జ్ షాపుల చుట్టూ తిరిగే కుర్రాళ్ల మీద ఒత్తిడి నిజంగా ఎక్కువ. టార్గెట్ అందక తప్పుడు పత్రాలతో సిమ్‌లు యాక్టివేట్ చేస్తే అవి సైబర్ మోసగాళ్ల చేతికి పోతాయి, పోలీసులు ముందు వచ్చేది షాపుకే. 2023 డిసెంబర్ నుంచి సిమ్ అమ్మేవాళ్లందరికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది అందుకే.

అపోహ: టెలికాం అయిపోయింది, ఐటీకి పొమ్మను

మా బాబాయ్ ప్రతి సంక్రాంతికీ అనే మాట ఇది. అప్పుడెప్పుడో టూజీ యాంటెన్నా వంపులు సరిచేయడం మాత్రమే నేర్చుకుని ఆగినవాళ్లకి నిజంగానే కష్టం. కానీ ఫైవ్‌జీలో కోర్ నెట్‌వర్క్, అంటే టవర్ల వెనక కాల్స్‌నీ డేటానీ నడిపించే భాగం, మొత్తం సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్. లినక్స్, ఐపీ నెట్‌వర్కింగ్, కొంచెం పైథాన్ వస్తే ఇక్కడా గిరాకీ ఉంది, బయటా ఉంది. క్వాల్‌కామ్ లాంటి కంపెనీలు ఇదే ఊళ్లో ఉన్నాయి. అమీర్‌పేట కోర్సు సర్టిఫికెట్ చూసి మాత్రం ఎవరూ తీసుకోరు. రూటర్ ముందు కూర్చోబెట్టి లింక్ ఎందుకు డౌన్ అయిందో చెప్పమంటే చెప్పగలగాలి.

అపోహ: మా మేడ మీద టవర్ పెట్టించు, నీకు పలుకుబడి ఉంది కదా

లేదు. స్థలం ఎంపిక ప్లానింగ్ టీమ్‌ది, ఒప్పందం ఎక్కువగా టవర్ కంపెనీతో. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) పేరుతో లెటర్ వచ్చిందంటే అది మోసం, టవర్లకి ట్రాయ్ ఎన్‌ఓసీలు (అభ్యంతరం లేదనే పత్రాలు) ఇవ్వదు.

అపోహ: మీకు ఫోన్ ఫ్రీ

ఆఫీసు సిమ్ బిల్లు కంపెనీదే. దాన్ని రాత్రి స్విచాఫ్ చేసే స్వేచ్ఛ మాత్రం ఉండదు, సైట్ డౌన్ అయితే ముందు మోగేది అదే. ఇంకో చిక్కు, చాలామంది ఆ నంబర్‌నే బ్యాంకుకి, ఆధార్‌కి, పిల్లల స్కూలుకి ఇచ్చేస్తారు. మానేసే రోజు లాప్‌టాప్, ఐడీ కార్డుతో పాటు సిమ్ కూడా వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. సొంత పేరు మీదికి మార్చుకునే అవకాశం కొన్నిచోట్ల ఉంటుంది, హెచ్‌ఆర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఓటీపీలు మాత్రం మొదటి నుంచీ సొంత డబ్బులతో రీఛార్జ్ చేసుకునే నంబర్‌కే రానివ్వండి.