రాజుగారి ప్రజలుగా పుట్టిన అధ్యక్షులు

1787 జులై 25న అమెరికా విదేశాంగ కార్యదర్శి జాన్ జే న్యూయార్క్ నుంచి జార్జ్ వాషింగ్టన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ అప్పటికి రెండు నెలలుగా తలుపులు మూసుకుని చర్చిస్తోంది. దానికి అధ్యక్షుడు వాషింగ్టనే. ప్రభుత్వంలో విదేశీయులు చేరకుండా గట్టి కట్టుబాటు పెడితే మంచిదేమో, సేనాధిపతి పదవి పుట్టుకతో పౌరుడైనవాడికి తప్ప మరొకరికి దక్కకుండా చూస్తే బాగుంటుందేమో అని జే మర్యాదగా సూచించాడు. ‘పుట్టుక’ను చెప్పే మాట కింద ఒక గీత కూడా గీశాడు. సేనాధిపతి కూడా అయిన దేశాధ్యక్షుడు ‘పుట్టుకతో పౌరుడై’ ఉండాలన్న నిబంధన సెప్టెంబరు మొదట్లో ముసాయిదాలోకి వచ్చింది. దాని మీద వాదం జరిగినట్టు నమోదు కాలేదు. దానికి అర్థమేమిటో రాజ్యాంగంలో ఎక్కడా రాయనూ లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అధ్యక్షుడికి కనీసం 35 ఏళ్లు ఉండాలన్నారు. దేశం వయసేమో అప్పటికి 11 ఏళ్లు. అంటే అమెరికా పౌరుడిగా పుట్టి, అధ్యక్ష పదవికి ఈడొచ్చిన మనిషి భూమ్మీదే లేడు. అందుకే రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి పౌరులుగా ఉన్నవారు కూడా అర్హులేనని ఒక మినహాయింపు పెట్టుకున్నారు. వాషింగ్టన్, జాన్ ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, మన్రో, జాన్ క్విన్సీ ఆడమ్స్, జాక్సన్... ఈ ఏడుగురూ బ్రిటిష్ రాజు ప్రజలుగా పుట్టి, ఆ మినహాయింపుతోనే అధ్యక్షులైనవారు. జాక్సన్ తల్లిదండ్రులైతే ఆయన పుట్టడానికి రెండేళ్ల ముందే ఐర్లండ్ నుంచి వచ్చారు. రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన, వెస్టిండీస్‌లో పుట్టిన అలెగ్జాండర్ హామిల్టన్‌కు అధ్యక్షుడయ్యే అర్హత లేదని చాలామంది అంటుంటారు కానీ, అది పొరపాటు. అదే మినహాయింపు ఆయనకూ వర్తించేది.

స్వాతంత్ర్య ప్రకటన తర్వాత పుట్టిన మొదటి అధ్యక్షుడు ఎనిమిదోవాడైన మార్టిన్ వాన్ బ్యూరెన్. ఆయన 1782లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడింది డచ్చి భాష! తర్వాత వచ్చిన విలియం హెన్రీ హారిసన్ మళ్లీ 1773లో వర్జీనియాలో పుట్టినవాడు. 1841లో పదవి చేపట్టిన నెల రోజులకే ఆయన కన్నుమూయడంతో రాజుగారి ప్రజలుగా పుట్టిన అధ్యక్షుల వరుస ముగిసింది.

మరి ‘పుట్టుకతో పౌరుడు’ అంటే ఎవరు? ఆ గడ్డ మీద పుట్టినవాడా, ఆ దేశస్థులకు పుట్టినవాడా? అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ మొదటిసారి కొలువుదీరిన కొన్ని వారాలకే ఈ ప్రశ్న ఎదురైంది. దక్షిణ కరొలైనా నుంచి గెలిచిన విలియం స్మిత్ చార్ల్‌స్టన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే చదువుకని ఇంగ్లండ్ వెళ్లి, యుద్ధమంతా ముగిశాక 1783లో తిరిగొచ్చాడు. ప్రతినిధుల సభకు ఏడేళ్ల పౌరసత్వం కావాలి. ఓడిన అభ్యర్థి డేవిడ్ రామ్సే లెక్కతీశాడు: విప్లవంలో పాలుపంచుకోనివాడు తిరిగొచ్చిన రోజునే కదా పౌరుడైంది, ఏడేళ్లు ఎక్కడ నిండాయి?

1789 మే 22న, అప్పటికి ఆ సభలో సభ్యుడైన మాడిసన్ లేచి దీనికి జవాబిచ్చాడు. విధేయతకు కొలమానం పుట్టుక. అది ఒక్కోసారి పుట్టిన చోటును బట్టి, ఒక్కోసారి తల్లిదండ్రులను బట్టి నిర్ణయమవుతుంది. సాధారణంగా పుట్టిన చోటే నికరమైన గుర్తు, అమెరికాలో చెల్లేది అదేనన్నాడు. సభ 36-1 ఓట్లతో స్మిత్ పక్షాన నిలిచింది.

నిజానికి ఇది మాడిసన్ కనిపెట్టిన సూత్రం కాదు. రాజు ఏలుబడిలో పుట్టిన బిడ్డ రాజు ప్రజే అని 1608లో, ఎడిన్‌బరోలో పుట్టిన ఒక పసివాడి భూమి హక్కు మీద వచ్చిన వ్యాజ్యంలో ఇంగ్లండ్ న్యాయమూర్తులు తేల్చారు. రాజును వద్దన్నవాళ్లు రాజుగారి సూత్రాన్ని మాత్రం అట్టేపెట్టుకున్నారు. 1790 నాటి చట్టం విదేశంలో పౌరులకు పుట్టిన పిల్లలనూ పుట్టుకతో పౌరులే అంది. 1795లో దాన్ని తిరగరాసినప్పుడు పౌరులనే మాట ఉంచి, ‘పుట్టుకతో’ అన్నది తీసేశారు. బయటివారు పౌరసత్వం పొందాలంటే మాత్రం రెండు చట్టాల్లోనూ ‘స్వతంత్రుడైన తెల్లవాడు’ కావలసిందే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది జూలియా లించ్ కేసు. ఐర్లండ్ నుంచి వచ్చి కొంతకాలం ఉన్న దంపతులకు 1819లో న్యూయార్క్‌లో పుట్టింది ఆమె. అదే ఏడాది తల్లిదండ్రులు ఆమెను ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయారు. తండ్రి సోదరుడికి సారటోగాలోని పేరుమోసిన ఊటనీళ్ల వ్యాపారంలో వాటా ఉంది. ఆయన పోయాక ఆ ఆస్తి ఎవరిదన్న తగాదా వచ్చింది. విదేశీయురాలైతే ఆమెకు భూమి దక్కదు. 1844లో న్యూయార్క్ న్యాయాధికారి లూయిస్ శాండ్‌ఫర్డ్ తల్లిదండ్రుల పరిస్థితి ఏదైనా సరే, ఇక్కడ పుట్టింది కనుక ఆమె పుట్టుకతో పౌరురాలేనన్నాడు. ఇలా పుట్టినవారు అధ్యక్షులు కావడానికీ అడ్డేమీ ఉండదని తీర్పులో రాశాడు.

ఇదంతా తెల్లవారి సంగతి. అదే గడ్డ మీద తరతరాలుగా పుట్టిన నల్లవారు పౌరులే కారని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతర్యుద్ధం తర్వాత, 1868లో వచ్చిన 14వ సవరణ ఆ తీర్పును కొట్టేసి, అమెరికాలో పుట్టి దాని చట్టపరిధిలో ఉన్నవారందరూ పౌరులేనని రాతపూర్వకంగా తేల్చింది. చైనావాళ్ల పిల్లలకూ ఇది వర్తిస్తుందా అని సెనేట్‌లో అడిగితే, వర్తిస్తుందని జవాబిచ్చిన కాలిఫోర్నియా సభ్యుడు జాన్ కానెస్ స్వయంగా ఐర్లండ్‌లో పుట్టినవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను 1895లో చైనా నుంచి తిరిగొస్తుంటే ఒడ్డుకు దిగనివ్వలేదు. ఓడ మార్చి ఓడలో నెలల తరబడి ఉంచారు. 1898లో సుప్రీంకోర్టు 6-2తో అతడు పౌరుడేనంది. ఆదివాసులందరికీ పౌరసత్వం దక్కడానికి 1924 దాకా ఆగాల్సి వచ్చింది.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదంది. హెచ్1బీ మీద తండ్రి, డిపెండెంట్ వీసా మీద తల్లి ఉన్న తెలుగు ఇళ్లలో ఆ వారమంతా ప్రసవ తేదీలు లెక్కపెట్టుకున్నారు. కింది కోర్టులు ఉత్తర్వును నిలిపివేశాయి, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1819లో జూలియాను ఎత్తుకుని ఓడెక్కిన ఆ దంపతుల దగ్గర తాత్కాలిక వీసా కూడా లేదు. అలాంటి కాగితం అప్పటికి పుట్టనే లేదు.